ఐలేశ్ చావు కబురు

"నగేశ్, యాదుంచుకో. ఈ జిల్లాల నేరం జేసెటోనికి ఇగ నిద్ర ఉండది. వాని నిద్ర చెడగొట్టుడే నా జన్మ కారణం."

ఈ ప్రకటన చేసింది మా యాకయ్య. చేసిన చోటు నెల్లికుదురు చౌరస్తాలో ఉన్న నా జిరాక్స్ షాపు. చేసేటప్పుడు మిర్చి బజ్జీ సగం అతని చేతిలో, సగం నోట్లో ఉంది. కాబట్టి నేరస్థులెవరికైనా ఆ మాటలు స్పష్టంగా వినబడి ఉంటాయని నేననుకోను.

యాకయ్య వృత్తి సీసీ కెమెరాలు బిగించడం. మా మండలంలో కిరాణం దుకాణం నుంచి కోళ్ళ ఫారం దాకా ఎక్కడ కెమెరా కనబడినా అది యాకయ్య బిగించిందే. అది పని చేయకపోతే ఇక సందేహమే అక్కరలేదు. ఏళ్ళ తరబడి నిచ్చెనెక్కి జనాన్ని పైనుంచి చూసీ చూసీ, మనుషుల లోపల ఏముందో తనకు కనబడుతుందన్న నమ్మకం అతనికి కుదిరింది. షట్టరు మీద 'సీసీ కెమెరాలు' అన్న అక్షరాల కింద 'అపరాధ పరిశోధన' అని ఎర్ర రంగుతో రాయించాడు. ఒకసారి ఎవరిదో కోడి పోతే దొంగను పట్టుకోవడానికి వెళ్ళి, దొంగ ఇంట్లోనే భోంచేసి, కూర అమోఘంగా ఉందని మెచ్చుకుని వచ్చాడు. ఆ కోడి ఏమైందో అతనికి ఇప్పటికీ అంతుచిక్కలేదు.

ఇక నా సంగతి. పగలు జిరాక్స్, సాయంత్రాలు నాటకాలకు ప్రాంప్టింగ్. తెర చాటున కూర్చుని, పక్కవాళ్ళు మరిచిపోయిన మాటలు అందిస్తుంటాను. యాకయ్యకు మాత్రం మాటలు అందించాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. అందుకే స్నేహం నిలిచింది.

ఆ సాయంత్రమే మా హైస్కూలు గ్రౌండులో నాటకం. పేరు 'మక్త చెల్క'. అది ఈ చుట్టుపక్కల ఊరాయన ఎప్పుడో రాసిన పెద్ద నవల. దొర దగ్గర ఎర్రనేల చెల్కను మక్తకు, అంటే కౌలుకు పట్టి, రాళ్ళేరి, రక్తం ధారపోసి సాగు చేసిన లింగయ్య కథ. నేల తన పేరుమీదికి మారిన రోజునే లింగయ్యను పాము కరుస్తుంది. ఊరు ఊరంతా ఏడుస్తూ అతని పాడెను ఆ చెల్క గట్ల మీదుగా మోసుకుపోతుంది. అదే ఆఖరి అధ్యాయం.

దాన్ని ఒకప్పుడు సినిమాగా తీశారు. సినిమాలో పాము కరిచింది గానీ లింగయ్య చావలేదు. హీరోయిన్ విషం పీల్చి ఉమ్మేసింది, ఉమ్మిన వెంటనే పాట. లింగయ్య కృష్ణా ఒడ్డు కోస్తా భాష మాట్లాడాడు. మా భాష మాట్లాడింది ఒకే ఒక్కడు, వాడిని సినిమా మొత్తం అందరూ తన్నారు. రచయిత మహబూబాబాద్ టాకీసులో చివరిదాకా కూర్చుని చూశాడు, బయటికొచ్చి సోడా తాగాడు, ఇంటికి పోయాడు. మళ్ళీ కలం పట్టలేదు.

ఆయన కూతురు కళ్యాణి మేడం జనగామలో ఉంటుంది. తండ్రి పోయాక సినిమావాళ్ళొచ్చినా సీరియల్‌వాళ్ళొచ్చినా గడప ఎక్కనివ్వలేదు. మా బడిలో తెలుగు చెప్పే సాంసన్ సారు మాత్రం చెప్పులరిగేలా తిరిగి, తాను నాటకంగా మార్చింది చదివి వినిపించి ఒప్పించాడు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే.

"లింగయ్య చావాలె సార్. మా బాపు రాసినట్టే పాడె ఎక్కాలె. నేను ముందల కూసోని చూస్త. నచ్చితే జనగామల ఆడుండ్రి, భూపాలపల్లి బొగ్గుబాయి కాలనీల ఆడుండ్రి. ఆఖరు మారిస్తే మాత్రం గదే మొదలు, గదే కడ."

సాంసన్ సారు ఎండాకాలం సెలవులన్నీ ఆ నాటకానికే పోశాడు. ఈ ఒక్క సాయంత్రం తేడా వస్తే అదంతా బూడిదలో పోసిన పన్నీరు. లింగయ్య వేషం మా ఐలేశ్‌ది. ట్రాక్టర్ నడుపుతాడు. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి. రంగు పడితే మాత్రం మైకు అక్కర్లేని గొంతు.

ఇక అసలు కథ. యాకయ్య ఆ బజ్జీ తిని వెళ్ళిపోయి, అంతలోనే మళ్ళీ వచ్చాడు. ఈసారి బండికి స్టాండు కూడా వేయలేదు. బండి బయట పడిపోయింది. అతను వెనక్కి చూడలేదు.

"నగేశ్, గుండె గట్టిగ పట్టుకో. ఐలేశ్ ఇగ లేడు."

ఫోను నా ముఖం ముందు పెట్టాడు. పెద్దవంగరలో ఐలేశ్ బావ హన్మంత్‌కు కిరాణం ఉంది. అక్కడ కెమెరా బిగించినందువల్ల ఆ నంబరు యాకయ్య దగ్గర ఉంది. వాట్సాప్ స్టేటస్‌లో ఐలేశ్ ఫోటో, చుట్టూ పూలదండ, కింద 'నా బామ్మర్దికి కన్నీటి నివాళి'.

నిన్న పొద్దుగూకే దాకా రిహార్సల్‌లో పక్కనే ఉన్న మనిషి. ఐలేశ్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. యాకయ్య హన్మంత్‌కు చేసి స్పీకర్ పెట్టాడు.

"హన్మంతన్నా, నేను డిటెక్టివ్ యాకయ్యను."

"కెమెరాల యాకయ్యవా?"

"అదే అనుకో. కబురు ఎవలు జెప్పిండ్రు?"

"అండాలు ఫోన్ జేసిందే. 'అన్నా, మీ బామ్మర్ది పోయిండు, ఆడిబిడ్డను తోలుకొని రా' అని పెట్టేసింది. మల్ల జేస్తే ఎత్తుతలేదు. మా గట్టమ్మ మాట్లాడుతలేదు, ఏడుస్తలేదు, గోడకు ఆనుకొని గట్లనే కూసున్నది. బండి మాట్లాడిన, వస్తున్నం."

గట్టమ్మ అంటే ఐలేశ్‌కు తోడబుట్టిన అక్క. యాకయ్య కళ్ళు మూసి, రెండు వేళ్ళతో నుదురు నొక్కుకున్నాడు.

"ఈడికి రాకుండ్రి. హత్య కేసుల శవం ఇంట్ల ఉండది. పోస్టుమార్టం కోసం మానుకోట పెద్ద దవాఖానకే వస్తది. సక్కగ ఆడికి పోండ్రి."

ఫోన్ పెట్టేశాక అడిగాను. "హత్య అని ఎవలన్నరన్నా?"

"ఎవలు అనలేదు. గదే నా అనుమానం."

"పోలీసులకు జెప్దామా?"

"పోలీసులొస్తే సాక్ష్యాలు ఖరాబైతయ్."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, శవం లేకముందే ఆ శవాన్ని మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు చేర్చేశాడు. ఇద్దరం ఐలేశ్ ఇంటికి పరుగెత్తాం.

ఇంటి ముందు టెంటు లేదు, మంట లేదు, మనుషులు లేరు. లోపల అండాలు పొయ్యి దగ్గర చేపల పులుసు కలుపుతోంది. అండాలంటే ఐలేశ్ భార్య. ఆమె గరిటె పట్టుకుంటే వీధిలో పిల్లలు కూడా లెక్కలు సరిగ్గా చేస్తారు.

యాకయ్య నా చెవిలో అన్నాడు. "మొగడు పోయినామె చేపల పులుసు వండుతదా? పళ్ళాలు చూడు. రెండు."

గదిలో ఒక మూలన మిర్చి బస్తాలు గోడలా పేర్చి ఉన్నాయి. ఆ గోడ వెనకనుంచి ఒక తుమ్ము వచ్చింది.

"పిల్లి" అన్నాడు యాకయ్య.

పిల్లి అంత గట్టిగా తుమ్మడం నేను వినలేదు. కానీ డిటెక్టివ్‌ను నేను కాదు.

"నేను ఇంటెనుక అడుగుల జాడలు చూసొస్త. నువ్వు గీమెను మాటల్ల పెట్టు" అని అతను వంగి వంగి బయటికి పోయాడు. అతను పోయిన మరుక్షణం అండాలు నా చెయ్యి పట్టి బస్తాల వెనక్కి లాగింది. అక్కడ హతుడు మఠం వేసుకుని కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు.

"దా నగేశ్, తిను" అన్నాడు ఐలేశ్, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. ఆ నీళ్ళు మిర్చి ఘాటువి.

నాకు ముందు ఆనందం, ఆ వెంటనే కోపం వచ్చాయి. "ఏంది వదినె గిది? బతికున్న మనిషిని సంపుతరా?"

"నేను సంపుతలేను, కాపాడుకుంటున్న" అంది అండాలు. "మనిషిని కాకి తన్నితె ఏం జేస్తరు? చుట్టాలకు ఉత్త చావు కబురు వంపుతరు. వాళ్ళు ఏడిస్తె ఆ ఏడుపుతోని దోషం పోతది. అవునా, కాదా?"

"అవును గాని..."

"కాకి కాలు తగిలితెనే గంతుంటే, నిండు మనిషి పోయి పాడె మీద పండుకుంటే ఎంత ఉండాలె? పిల్లల తండ్రి నగేశ్! మీ సారు నవల నవల అంటడు. నాకు పసుపు కుంకుమ కావాలె. వద్దంటే ఈయన ఇనడు. అందుకే కబురు వంపిన. రక్త సంబంధం ఏడ్వాలె. అక్క వచ్చి ఏడ్చినంక బయటికి తీస్త, అప్పుడు మీ ఇష్టమొచ్చిన పాడె ఎక్కించుకోండ్రి. అందాక చుట్టాల కండ్ల వడొద్దు, నిజం వాళ్ళ చెవుల వడొద్దు. వడ్డదా, దోషం తిరిగి మీదికే వస్తది."

"వాళ్ళు ఈడికి వస్తలేరు వదినె. యాకయ్య మానుకోట దవాఖానకు తోలిండు."

అండాలు గరిటె కింద పెట్టింది. యాకయ్య గురించి, అతని నిచ్చెన గురించి, అతని కెమెరాల గురించి ఆమె అన్న మాటలు ఇక్కడ రాయలేను.

వెంటనే హన్మంత్‌కు ఫోన్ చేశాను, ఏదో ఒకటి చెప్పి ఊళ్ళోకి రప్పిద్దామని. ఎంగేజ్. మళ్ళీ చేశాను, మళ్ళీ ఎంగేజ్. స్టేటస్ చూసిన వాళ్ళంతా పరామర్శకు ఫోన్లు చేస్తున్నారు. ఐలేశ్ మీద అంత మందికి ప్రేమ ఉందని బతికున్నప్పుడు ఎవరికీ తెలియదు.

యాకయ్యకు చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. యాకయ్యకు చెప్పడం, మైకు పట్టుకుని చౌరస్తాలో చెప్పడం ఒకటే. అక్క చెవిన పడితే ఏడుపు పోతుంది, ఏడుపు పోతే పాడె పోతుంది, పాడె పోతే నవల పోతుంది. నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం యాకయ్య నన్ను గ్రౌండుకు ఈడ్చుకుపోయాడు. స్టేజీ పక్కనే ఎవరో మిర్చి ఆరబోశారు. మేకప్ గది గడప మీద ఎర్రటి మరక కనబడింది. యాకయ్య మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో తీసి, నాలుక మీద పెట్టుకున్నాడు. అతని ముఖం కూడా ఎర్రబడింది, కళ్ళ నీళ్ళు కారాయి.

"విషం" అన్నాడు. "భయంకరమైన విషం."

"మిర్చి పొడన్నా."

"అట్ల కనవడెటట్టు కలిపిండ్రు."

స్టేజీ వెనక పచ్చి వెదురుతో కట్టిన పాడె ఉంది. తెల్లగుడ్డ, కుండ, పేలాల మూట పక్కనే పెట్టి ఉన్నాయి. సాంసన్ సారు నాటకం కోసం దగ్గరుండి కట్టించినవి. యాకయ్య పాడె చుట్టూ ప్రదక్షిణ చేసి, ఆగి, అన్నాడు: "మనిషి సచ్చింది ఇయ్యాల. వెదురు కొట్టింది నిన్న. ముందే అనుకోని జేసిన హత్య."

"అది నాటకం పాడె!"

"నాటకాల ముసుగుల ఎన్ని ఘోరాలు జరుగుతున్నయో నీకేం ఎరుక? నగేశ్, సూటిగ అడుగుత. ఐలేశ్ పోతే లింగయ్య వేషం ఎవలేస్తరు? డైలాగులన్ని వచ్చినోడు. డైలాగులన్ని ఎవలికొస్తయ్?"

నాకే వస్తాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి భుజం మీదికి పోయింది. అతను అది గమనించి, తల పంకించి, "ప్రస్తుతానికి వదిలేస్తున్న" అన్నాడు.

అప్పుడే జనగామ నుంచి కారు దిగింది కళ్యాణి మేడం. జుట్టు నెరిసిన, మాట తక్కువ మనిషి. యాకయ్య ఎదురెళ్ళి దండం పెట్టాడు.

"మేడం, ఒక్క ప్రశ్న. లింగయ్య చావాలని షరతు పెట్టింది మీరేనా?"

"నేనే."

"చావకపోతే?"

"ఊరుకోను."

"ఎందుకు చావాలె?"

"మా బాపు గట్లనే నిర్ణయించిండు."

ఆమె వెళ్ళి కుర్చీలో కూర్చుంది. యాకయ్య నన్ను పక్కకు లాగాడు. "చూసినవా? ఒప్పుకున్నది. పైగ తండ్రి పేరు గూడ బయటవెట్టింది."

"ఆయన పోయి ఏండ్లయిందన్నా!"

"అంటే పరారీల ఉన్నడు."

ఇంతలో సాంసన్ సారు నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నగేశ్, ఐలేశ్ ఏడి? ఫోన్ కలుస్తలేదు. నాకు చేతులాడుతలేవు."

"వస్తడు సార్."

"ఒట్టు?"

"వస్తడు. ఆఖరి సీను సంగతే... జర మీ దేవుణ్ణి మొక్కుండ్రి."

ఆయన నిజంగానే ఒక మూలకు పోయి కళ్ళు మూసుకున్నాడు.

ఎండ దిగగానే ఐలేశ్ వచ్చాడు. నెత్తి మీది నుంచి గొంగడి కప్పుకుని, వెనక అండాలు కాపలాగా, నేరుగా మేకప్ గదిలోకి దూరాడు. రంగు వేశాక అండాలు ఎగాదిగా చూసింది.

"ఇప్పుడు గీయన ఐలేశ్ కాదు, లింగయ్య. లింగయ్య ఎవలి కండ్ల వడ్డా నాకేం ఫికర్ లేదు. ఆడనియ్యుండ్రి."

నేను ఆశగా అడిగాను. "మరి పాడె ఎక్కేది గూడ లింగయ్యనే గద వదినె?"

"పేరు లింగయ్యది. నడుం నా మొగనిది. అక్క ఏడ్వందే ఆ నడుం పాడెకు ఆనది."

నాటకం మొదలైంది. గ్రౌండు నిండా జనం. మొదటి వరుసలో కళ్యాణి మేడం కర్చీఫ్‌తో కళ్ళు ఒత్తుకుంటోంది. అది నాటకం వల్లనో, పక్కనున్న మిర్చి వల్లనో ఆ దశలో చెప్పడం కష్టం. ఐలేశ్ మాత్రం విజృంభించాడు. మా భాషలో, మా యాసలో, రాళ్ళేరుతూ ఒక్కో రాయికీ ఒక్కో తిట్టు తిట్టాడు. జనం ఈలలు వేశారు. సినిమాలో తన్నులు తిన్న భాష స్టేజీ మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టుంది. నాకు ఒళ్ళు పులకరించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మన డిటెక్టివ్ ఎక్కడున్నాడంటే, గ్రౌండు గేటు దగ్గర, స్టేజీకి వీపు పెట్టి. హంతకుడు బయటినుంచే వస్తాడు కాబట్టి లోపలికి చూడనని ప్రతిజ్ఞ చేశాడు. అతని వెనక నాలుగు మైకుల్లోంచి హతుడు గొంతు చించుకుని డైలాగులు చెబుతున్నాడు. గొంతు గుర్తుపట్టలేదా అని తర్వాత అడిగితే, "రికార్డింగ్ పెట్టిండ్రనుకున్న" అన్నాడు.

ఆ గేటు దగ్గరే అతనికి హన్మంత్ ఫోన్ వచ్చిందట. దవాఖానలో పొద్దంతా కూర్చున్నారు, అట్లాంటి శవమేదీ రాలేదని అక్కడివాళ్ళు చెప్పారట. యాకయ్య ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"అనుకున్న. శవాన్ని మాయం జేసిండ్రు. హన్మంతన్నా, ఇను. నెల్లికుదురు హైస్కూల్ గ్రౌండుల పాడె తయారుగున్నది. పాడె ఉన్న కాడికి శవం రాక తప్పది. ఉరికి రాండ్రి."

అపరాధ పరిశోధన చరిత్రలో ఇంత తప్పుడు తర్కం ఇంకోటి ఉండదు. దాని సంగతి నాకు అప్పుడు తెలియదు. నేను తెర చాటున కూర్చుని, ఒక్కో పేజీ తిప్పుతూ, ప్రతి పేజీకీ హన్మంత్‌కు ఫోన్ కొడుతున్నాను.

లింగయ్యను పాము కరిచింది. లైట్లు ఆరాయి. ఇక మిగిలింది పాడె.

చీకట్లో, స్టేజీ పక్కన, అండాలు పాడె మీద కూర్చుంది.

"అండాలమ్మా" అన్నాడు సాంసన్ సారు. "లెవ్వమ్మా. లింగయ్య ఇప్పుడు చావకపోతే నవల సచ్చిపోతది."

"నవల పోతే ఇంకోటి రాపిచ్చుకోండ్రి సార్."

"రాసినాయన లేడమ్మా."

"నాకు ఈయన గూడ ఒక్కడే ఉన్నడు."

ఆమె మాటలో తప్పేముంది? ఐలేశ్ ఇద్దరి మధ్యా నిలబడి, రంగు పూసిన ముఖంతో ఒకసారి భార్యను, ఒకసారి పాడెను చూస్తున్నాడు. బయట జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, తెర లేపమని. ముందు వరుసలో కళ్యాణి మేడం హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకోవడం సందులోంచి చూశాను. కాపీయింగ్‌లో దొరికిన పిల్లాడిలా సారు తల వంచుకున్నాడు.

అప్పుడు గేటు వైపు నుంచి వినిపించింది ఆ అరుపు.

"ఓ తమ్మీ...!"

దాని వెనకే దీర్ఘమైన ఏడుపు. గ్రౌండులో చప్పట్లు ఆగిపోయాయి. పొద్దుటినుంచి కంటతడి పెట్టని గట్టమ్మ, గేటు దగ్గర నాటకం పోస్టరు మీద, 'లింగయ్య అంతిమయాత్ర' అన్న అక్షరాల కింద తమ్ముడి ఫోటో చూసిందట. చూడగానే గుండె పగిలింది.

అండాలు చటుక్కున లేచింది. చెవి రిక్కించి విన్నది. ఒకసారి కాదు, ఏడుపు నిజమైనదేనని తేలేదాకా విన్నది. తర్వాత భర్త భుజం మీద చెయ్యేసి పాడె మీదికి తోసింది.

"ఆ, ఇగ పండుకో."

లైట్లు వెలిగాయి. పాడె స్టేజీ మీదికి వచ్చింది. ఊరి జనం వేషం కట్టిన మావాళ్ళు ఆరుగురూ రిహార్సల్లో ఏడవమంటే నవ్వేవాళ్ళు, ఇప్పుడూ ఒకడి పెదవి కదులుతోంది. ఇంతలో జనాన్ని చీల్చుకుంటూ గట్టమ్మ వచ్చి స్టేజీ ఎక్కి పాడె మీద పడింది.

"తమ్మీ... నా ముద్దుల తమ్మీ... సచ్చినా నీ మొఖం చూడనంటినిరా... నా నోట్ల మన్ను వడ... నా బిడ్డ పెండ్లికి మేనమామవు నువ్వు టైముకు రాలేదని, లగ్గం దాటినంక వచ్చినవని... నాటకం మీదికెల్లి ఉరికొస్తివిరా, మొఖాన రంగన్న కడుక్కోకుండ పందిట్లకొస్తివి... గందర్ల నడుమ పొమ్మంటిని... ఒక్క ముద్ద తిని పో అనకపోతిని... ఆకలికి ఎట్ల పోతివి తమ్మీ, ఎంత దూరం పోతివి..."

మా ఆరుగురిలో ఇక ఎవడూ నవ్వలేదు. ఒకడు కుండ కింద పెట్టేసి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. గ్రౌండంతా ఏడ్చింది. ఆమె లింగయ్య అనాల్సిన చోట ఐలేశ్ అంటోంది, చెల్క అనాల్సిన చోట పెళ్ళి పందిరి అంటోంది, ఎవరూ పట్టించుకోలేదు. నా చేతిలో కాగితాలున్నాయి, అందులో ఒక్క మాటా ఇప్పుడు పనికిరాదు.

సాంసన్ సారు నా పక్కన కూర్చుని నా మోచెయ్యి గిల్లాడు.

"నగేశ్, పీనుగ ఏడుస్తున్నది."

చూశాను. ఐలేశ్ కళ్ళు మూసే ఉన్నాయి. ఆ మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు జారి రంగును చారలు చేస్తూ చెవుల్లోకి పోతున్నాయి. పెదవులు బిగబట్టాడు. గడ్డం మాత్రం అదురుతోంది.

"ఆపమను" అన్నాడు సారు ఏడుస్తూనే.

"పీనుగకు ప్రాంప్టింగ్ ఎట్ల ఇయ్యాలె సార్?"

తెర పడింది. పడీ పడగానే పాడె మీదినుంచి "అక్కా" అని వినబడింది. గట్టమ్మ కెవ్వున అరిచింది, ఆమె వెనకే స్టేజీ ఎక్కిన హన్మంత్ రెండడుగులు వెనక్కి దూకాడు. ఐలేశ్ లేచి కూర్చున్నాడు. గట్టమ్మ అతని ముఖం తడిమింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, తర్వాత చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ శబ్దం తెర అవతల చివరి వరుస దాకా వినబడిందని తర్వాత చెప్పారు.

"ఎవలు జేసిండ్రు గీ పని?"

"నేనే వదినె" అంది అండాలు, తల దించకుండా. "పాడె దోషానికి రక్త సంబంధం ఏడ్వాలె. నీ దగ్గర గన్ని ఏండ్ల ఏడుపు నిలువున్నది. ఇంకెవలికి జెప్తే గంత వస్తది?"

గట్టమ్మ తమ్ముడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

అప్పుడే కళ్యాణి మేడం వెనక మెట్లెక్కి వచ్చింది. అందరం నిలబడిపోయాం. సారు చేతులు కట్టుకున్నాడు.

"నవల్ల పీనుగ ఏడ్వలేదు" అంది ఆమె.

ఐలేశ్ గబగబా చెవుల్లోని నీళ్ళు తుడుచుకున్నాడు.

"మా బాపు ఒకపారి రాసిండు. సచ్చినోనికి గీ ఏడుపంత ఇనవడితే కండ్ల నీళ్ళు రావా అని రాసిండు. మల్ల చింపేసిండు. సదివెటోళ్ళు నగుతరని భయపడ్డడు." ఆమె కర్చీఫ్ మడిచి బ్యాగులో పెట్టుకుంది. "ఇయ్యాల ఎవలు నగలే. జనగామకు ఎప్పుడొస్తరు సార్?"

సాంసన్ సారు జవాబు చెప్పలేకపోయాడు. నేను అందించాల్సి వచ్చింది. "ఎప్పుడంటే అప్పుడు మేడం."

ఇంతలో "కదలకుండ్రి!" అంటూ యాకయ్య దూసుకొచ్చి, పాడె తాడు కాలికి తగిలి బోర్లా పడి, లేచి, ఐలేశ్‌ను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా దులుపుకుని గొంతు సవరించుకున్నాడు.

"కేసు క్లోజ్. హంతకున్ని ఎవడన్న పట్టుకుంటడు. హతున్ని పానాలతోని పట్టిన డిటెక్టివ్ దునియాల ఎవడన్న ఉన్నడా?"

"లేడు" అన్నాను నేను. అది నిజం కూడా.

గట్టమ్మ ఇవేవీ వినడం లేదు. తమ్ముడి మణికట్టు పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు. అట్లాగే మెట్లు దింపి, బండి దగ్గరికి నడిపించింది.

"సచ్చినా నీ మొఖం చూడనన్న. సచ్చిన మొఖం చూసిన, ఒట్టు తెగింది. ఇగ ఎక్కు. ఇంటికొచ్చి అన్నం తిని పోదువు."

"రంగు కడుక్కొని వస్తనక్కా, జర ఆగు."

"వద్దు" అంది గట్టమ్మ. "నా బిడ్డ పెండ్లికి గిదే మొఖంతోని వచ్చినవు కద. గట్లనే రా."